ఆరు వందల పన్నెండో రోలు

పోయిన వారం మహాలక్ష్మిని మనం స్టూడియో మెట్ల మీద, చెంపకు చెయ్యి ఆనించుకుని కూర్చున్న చోట వదిలి వచ్చాం. బుధవారం మధ్యాహ్నం అది. కంప్యూటరు మూడోసారి ఆగిపోయింది. ఆదివారం పొద్దున గుండ్లోపల్లె జనం, రిజర్వాయరు నీళ్ళలో మునగబోయే తమ ఊరు వదిలి, దోర్నాల రోడ్డులో కట్టిన కొత్త కాలనీకి తరలిపోతున్నారు. ఆ కాలనీ హాలు గోడల నిండా పాత ఊరి మనుషుల ఫోటోలు పెట్టించి ఇస్తానని ఆమె తండ్రి పుల్లారావు ఊరి పెద్దలకు మాట ఇచ్చి నెల దాటింది.

ఆ మాట ఇవ్వగలిగినవాడు చుట్టుపక్కల ఆయన ఒక్కడే. మార్కాపురం తర్లుపాడు రోడ్డులో ఆయన స్టూడియో పెట్టింది 1978లో. ఫిల్ము కాలం పోయేదాకా, అంటే ముప్పై ఏళ్ళలో, పదమూడు వందల రోళ్ళు తీశాడు. రోలుకొక కవరు, కవరు మీద అంకె, ఆ అంకెకు ఎదురుగా రిజిస్టరులో తారీఖు. ఒక్క కవరు పారేయలేదు. గుండ్లోపల్లె వాళ్ళు పెళ్ళి కుదిరినా, పరీక్షకు కట్టినా, బిడ్డ పుట్టినా ఫోటోకు వచ్చింది ఈ మెట్లెక్కే. వాళ్ళ ముఖాలు ఆ పదమూడు వందల కవర్లలో ఎక్కడెక్కడో చెదిరి ఉన్నాయి.

పొదిలిలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మహాలక్ష్మి, మూడు వేసవి సెలవులు తండ్రి దగ్గరే ఉండి ఆ ఫిల్ములన్నిటినీ స్కాన్ చేసింది. మొత్తం నలభై ఆరు వేల ఫోటోలు. అన్నీ నెగెటివులే, ముఖాలు నల్లగా, జుట్లు తెల్లగా. వాటిని తిరగేసి, వెలుగు సరిచేసి, కింద రోలు అంకే ఏడాదీ వేసి పక్కన పెడితే, శుక్రవారం ఊరి పెద్దలిద్దరు వచ్చి కూర్చుని తమవాళ్ళను ఏరుకుంటారు. ఆ పనంతా వరుసగా చేయమని కంప్యూటరుకు ఒక షెల్ స్క్రిప్టు, అంటే ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనుల పట్టీ, రాసిపెట్టింది ఆమె. ఒక్కో ఫోటోకు మూడు సెకండ్లు. మొత్తానికి ముప్పై ఎనిమిది గంటలు. పుల్లారావు దాన్ని ముద్దుగా “నీ చీటీ” అంటాడు.

మూడుసార్లు మొదలుపెట్టింది. మూడుసార్లూ సగం దారిలో కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ చచ్చి ఏడాదైంది. కరెంటు వచ్చాక చీటీ మళ్ళీ ఒకటో రోలు నుంచే మొదలయ్యేది.

మెట్ల మీద కూర్చుని ఆమె ఎవరినీ తిట్టుకోలేదు, తనను తప్ప. పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు “పని మధ్యలో ఆగితే ఏం జరుగుతుందో ముందే ఆలోచించండి” అని బల్ల మీద కొట్టి చెప్పేది తనే. తన స్క్రిప్టులో మొదటి వరుసే, శుభ్రంగా ఉంటుందని, అప్పటిదాకా తయారైన ఫోటోలున్న ఫోల్డరును ఖాళీ చేసే వరుస. పద్దెనిమిది గంటల కష్టాన్ని తనే చెరిపేసి మళ్ళీ మొదలుపెడుతున్నదన్నమాట.

లేచి లోపలికి వచ్చింది. నిన్న రాత్రి మొదలుపెట్టిన మూడో విడత ఫోటోలు ఇంకా చెరిగిపోలేదు. దాదాపు ఇరవై రెండు వేలు ఉన్నాయి.

“నాయనా, ఇవి ఉన్నాయి చూడు. వీటిని ముట్టుకోకుండా మిగిలినవే చెయ్యమంటే సరిపోతుంది.”

పుల్లారావు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని తెర దగ్గరికి వంగాడు. “అంటే ఆగిన కాడి నుంచి పోతాదా?”

“పోతాది. ఒక్కో ఫోటో మొదలుపెట్టే ముందు, ఇది అయిపోయిందా అని చూసుకుంటుంది. అయిపోయి ఉంటే దాటుకుని పోతుంది.”

ఆయన “ఊఁ” అన్నాడు. సంతోషంగా అనలేదు. ఆ సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

మొదటి వరుస తీసేసింది. అయిపోయిన ఫోటోను దాటిపొమ్మని రెండు వరుసలు చేర్చింది. నడిపించబోతూ, ఎందుకైనా మంచిదని చిట్టచివరి ఫోటో తెరిచి చూసింది. ఒక పెళ్ళికూతురు. పాపిటబిళ్ళ, బొట్టు, ముక్కుపుడక దాకా బాగానే ఉంది. ఆ కింద అంతా బూడిదరంగు.

“ఈ పిల్ల గడ్డం ఏమైంది?” అన్నాడు పుల్లారావు. “కంభం దశరథరామయ్య మనవరాలు గదా ఇది. చక్కటి గడ్డం ఆ పిల్లకు.”

మహాలక్ష్మికి నవ్వు వచ్చింది. “ఈ పిల్ల ఫోటో రాస్తా ఉండంగా ఆగిపోయింది నాయనా. సగమే రాసింది. కానీ పేరు మాత్రం ఉంది. పేరు ఉంది కాబట్టి అయిపోయిందనుకుని నా చీటీ దాటిపోయి ఉండేది.”

“ఆ పిల్ల సగం ముఖంతోనే గోడెక్కేది.”

“ఎక్కేది.”

అందుకని ఆ సగం ఫోటోను తనే తీసేసి, ఇంకో ఏర్పాటు చేసింది. ఫోటో తయారవుతున్నంతసేపూ దానికి తాత్కాలికంగా ఒక పేరు ఉంటుంది. పూర్తిగా రాయడం అయిన తర్వాతే అసలు పేరు పెడుతుంది. మధ్యలో ఆగితే తాత్కాలికపు పేరుతోనే మిగిలిపోతుంది. మళ్ళీ మొదలైనప్పుడు దాన్ని తీసిపారేసి, ఆ ఒక్క ఫోటో తిరిగి చేస్తుంది.

“బిడ్డకు బారసాల చేసినట్టు,” అన్నాడు పుల్లారావు. “బతికి బట్టకట్టినాకనే పేరు.”

“అంతే.”

చివరగా రెండు జాబితాలు పెట్టింది. ఒకటి అయిపోయినవాటిది, ప్రతి ఫోటో అంకే, అయిన టైమూ. రెండోది ఖాళీవాటిది. వెలుతురు తగిలి పాడైన ఫిల్ములు ముప్పై ఏళ్ళలో ఎన్నో ఉంటాయి. అటువంటివి మూల నుంచి మూలకు ఒకే రంగుగా ఉంటాయి. వాటిని తయారుచేయడం దండగ, అంకె రాసుకుని ముందుకు పొమ్మంది. ఇది చెబుతున్నప్పుడు పుల్లారావు వింటూ వింటూ కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికి పోయి రోడ్డు చూస్తూ నిలబడ్డాడు.

స్క్రిప్టు నడిపించి, రెండు నిమిషాలాగి, మహాలక్ష్మి వంగి గోడ ప్లగ్గు పీకేసింది.

“ఏంది తల్లీ అది?” అని ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడాయన.

“పరీక్ష నాయనా. రేపు కరెంటు చేసే పని ఈ పొద్దు నేనే చేసి చూస్తా.”

మూడుసార్లు పీకింది. మూడుసార్లూ అది ఆగిన చోటు వెతుక్కుని, సగంలో ఉన్న ఫోటోను పారేసి, దాన్ని మొదటి నుంచి చేసుకుని ముందుకు పోయింది. మూడోసారి మహాలక్ష్మి కుర్చీలో వెనక్కి వాలి చేతులు తల వెనక పెట్టుకుంది. పెళ్ళికూతురికి గడ్డం వచ్చింది. నిజంగానే చక్కటి గడ్డం.

“ఇంక నువ్వు ఇంటికి పోయి నాలుగు మెతుకులు తిని రాపో,” అన్నాడు తండ్రి. “మూడున్నర అయింది. నేను చూస్తా ఉంటాలే.”

నిన్నా ఇట్లాగే పంపించాడు. ఇందాక టీ తాగి రమ్మనీ ఇట్లాగే పంపించాడు. ఆయనకు ఎప్పుడూ కూతురి అన్నం బెంగే.

తిరిగి వచ్చేసరికి నాలుగుంబావు. స్టూడియో చీకటిగా ఉంది. పుల్లారావు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు.

“కరెంటు పోయిందమ్మా.”

మొన్నటి మహాలక్ష్మి అయితే ఏడ్చేది. ఈ మహాలక్ష్మి హాయిగా నవ్వింది. “పోనీలే నాయనా. ఇప్పుడు మనకేం భయం? వచ్చినప్పుడే వస్తుంది.” అని, కూర్చున్నా ఊరికే కూర్చోవడమే గదా అనుకుని, పక్కనున్న యోబు జిరాక్సు షాపు దాకా పోయింది.

యోబు మిషను మూత ఎత్తి దించుతూ, ఎవరివో భూమి కాగితాలు జిరాక్సు తీస్తున్నాడు. పచ్చటి వెలుగు మూత కింద అటూ ఇటూ పోతున్నది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నది.

మహాలక్ష్మి ఫ్యాను వంక చూసింది. “కరెంటు ఎప్పుడొచ్చింది యోబూ?”

“పోతే గదక్కా రావడానికి? ఈ పొద్దు అసలు పోనేలేదు. నిన్న కూడా పోలే. నిన్న పాసుపుస్తకాల జిరాక్సులతో రోజంతా నడుం ఎత్తలేదు నేను.”

ఆమె తిరిగి వచ్చి, తండ్రిని దాటుకుని లోపలికి పోయి, తలుపు వెనక ఉన్న బోర్డు తెరిచింది. మెయిన్ స్విచ్చు కిందికి దించి ఉంది. పైకి ఎత్తింది. ఫ్యాను తిరిగింది. కంప్యూటరు లేచింది. అయిపోయినవాటి జాబితా తెరిచి చివరి వరుస చూసింది. ఆరు వందల తొమ్మిదో రోలు, పదకొండో ఫోటో. టైము మూడు యాభై రెండు.

పుల్లారావు స్టూలు మీద నుంచి కదలలేదు. విసనకర్ర మాత్రం ఆగింది.

“నాయనా, కరెంటు పోలేదు.”

“లేదు.”

“ముందు మూడుసార్లూ నువ్వేనా?”

“మొదటిసారి నిజంగానే పోయిందమ్మా. సోమవారం. ఆ తర్వాత రెండుసార్లు నేనే.”

ఈ మనిషి ఎన్నడూ మహాలక్ష్మి మీద గొంతెత్తి ఎరగడు. సైకిలు నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని రైల్వే గేటు దాకా పరుగెత్తినవాడు. కాలేజీ సెలవు పెట్టుకుని ఆమె ఇక్కడ కూర్చుంటే, గంటగంటకూ మజ్జిగ తెచ్చి పెట్టినవాడు.

“నలభై ఆరు వేల ఫోటోలు నాయనా,” అంది చివరికి. “మాట ఇచ్చింది నువ్వే. ఆదివారం వాళ్ళు ఆ హాల్లోకి పోయి వట్టి గోడలు చూడాల్నా?”

“కరెంటును తిట్టుకుంటారులే అనుకున్నా.”

ఆ జవాబుకు కోపం రావలసింది. కానీ ఆయన ఆ మాట ఎంత నిజాయితీగా అన్నాడంటే, ఆమె కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. కుర్చీ లాగి ఆయనకు ఎదురుగా కూర్చుంది.

“దేనికి నాయనా?”

పుల్లారావు పంచె కొసతో కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“ఆరు వందల పన్నెండో రోలు గుండ్లోపల్లెది. మొత్తం రోలూ ఆ ఊరిదే. తొంభై అయిదులో తిరనాళ్ళకు పిలిపించినారు. ఇంటింటికీ పోయి తీసినా. ముప్పై ఆరు ఫోటోలు. సాయంత్రం బస్సు హారను కొడతాంది, జనం నాతోనే మాట్లాడతాండారు. కొత్త రోలు వేసుకుందామని కెమెరా మూత తెరిచినా. పాత రోలు వెనక్కి చుట్టలేదు. పదిహేడేళ్ళ పని అప్పటికి నాది. కెమెరా కొత్తగా పట్టినోడు చేసే తప్పు అది.”

“వెలుతురు తగిలిందా?”

“కడిగితే ఫిల్మంతా బొగ్గు. చూసి కవర్లో పెట్టేసినా. ఆ కవరు మళ్ళా నేను తెరవలేదు. నువ్వు స్కాను చేసేటప్పుడు కూడా ఆ పొద్దు నేను షాపులో లేకుండా పోయినా.”

“మళ్ళీ పోయి తీస్తే అయిపోయేది గదా.”

“పోదామనే అనుకున్నా. పెళ్ళిళ్ళ కాలం, తీరలేదు. వానలు పడినాయి. ఆ వానల్లో ఒక పిల్లోడికి జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో పోయినాడు. నాగయ్య అని. ఇరవై ఏళ్ళు. లక్ష్మీదేవమ్మ కొడుకు.”

లక్ష్మీదేవమ్మ పేరు వినగానే మహాలక్ష్మికి సీతాఫలాలు గుర్తుకొచ్చాయి. ఏటా చలికాలం ముందు ఒక సన్నటి పొడుగాటి మనిషి గంపతో వచ్చి ఈ మెట్ల మీద కూర్చునేది. “మహాలక్ష్మికి పండినవి ఇవ్వు తమ్ముడూ, దోరవి నువ్వుంచుకో,” అనేది. చిన్నప్పటి నుంచీ ఆ పళ్ళు తింటూనే ఉంది.

“దినాలు అయినాక వచ్చింది నా కాడికి,” అన్నాడు పుల్లారావు. “‘నా బిడ్డది ఇంకొక ఫోటో లేదు తమ్ముడూ. నువ్వు తీసిందొక్కటే’ అనింది. ఆమె ముఖం చూసి ఎట్ల చెప్పాల్నో నాకు తెలియలేదు. ‘నెగెటివు భద్రంగా ఉందక్కా, తీసి ఇస్తా’ అన్నా. ఆ ఒక్క మాట. తర్వాత అడిగినప్పుడల్లా కవర్లు కలిసిపోయినాయి, వెతకతాండా అంటా వచ్చినా. ఇరవై ఎనిమిదేళ్ళు. ఒక్కసారి నిష్ఠూరంగా అడగలేదమ్మా ఆమె. ‘ఉంది గదా తమ్ముడూ, ఎక్కడో ఉంటే చాలు’ అంటది.”

రోడ్డు మీద పలకల లోడు లారీ ఒకటి పోయింది.

“నీ చీటీ ఆ రోలు దాటితే ఇంక వెతకడానికి ఏమీ మిగలదు,” అన్నాడు. “ఉందో లేదో తేలిపోతాది. అందుకని దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆ స్విచ్చు మీదికి పోయింది. తప్పే. ఊరందరి ఫోటోలకూ అడ్డం పడినా.”

“అమ్మకైనా చెప్పినావా ఎప్పుడైనా?”

“లేదు. నీకే మొదట చెప్పడం.”

అరవై తొమ్మిదేళ్ళ మనిషి. తుడిచిన అద్దాలే మళ్ళీ తుడుస్తున్నాడు. మహాలక్ష్మి ఆయన చేతిలోంచి అవి తీసుకుని, తన చీర కొంగుతో ఒకసారి తుడిచి, తనే ఆయనకు పెట్టింది.

“చెప్పాల నాయనా. ఆదివారం ఆమె ఆ గోడల మీద ఒక్కో ఫోటో చూసుకుంటా వెతుక్కుంటుంది. అందరి ముందర, చివరిదాకా వెతుక్కుని అప్పుడు తెలుసుకోవడం కంటే, నువ్వు ముందే చెప్తే మేలు.”

ఆయన తల ఊపాడు. “చెప్తా.”

“నేనూ పక్కన ఉంటా.”

“నువ్వుంటే చెప్తా.”

లేచి వచ్చి కంప్యూటరు ముందు తనే కూర్చున్నాడు. “ఎక్కడ నొక్కాల?” అన్నాడు. ఆమె చూపించింది. పుల్లారావు చూపుడు వేలితో, కెమెరా బటన్ నొక్కినంత మెల్లగా నొక్కాడు. చీటీ ఆరు వందల తొమ్మిదో రోలు పన్నెండో ఫోటో దగ్గర మొదలై, అసలెవ్వరూ ఏమీ ఆపనట్టే ముందుకు పోయింది.

ఆరు వందల పది. పదకొండు. తెర మీద అంకెలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. ఆరు వందల పన్నెండు వచ్చేటప్పటికి ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “ఖాళీ, ఖాళీ, ఖాళీ” అని వరుసగా పడుతూ పోయింది. వాళ్ళు ఆ మాటను చివరి వరుస దాకా చూశారు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆరు వందల పదమూడుతో మళ్ళీ మామూలు అంకెలు దిగడం మొదలైంది.

“అయిపోయింది,” అన్నాడు పుల్లారావు. ఏడుపు లేదు ఆయన గొంతులో. బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలాడు.

మహాలక్ష్మి అలవాటు చొప్పున ఖాళీల జాబితా తెరిచింది. ఆరు వందల పన్నెండుకు ఎన్ని పడ్డాయో లెక్క చూసింది. ముప్పై అయిదు. మళ్ళీ చూసింది. ముప్పై అయిదే.

“నాయనా, ఆ రోలులో ఎన్ని తీసినావన్నావు?”

“ముప్పై ఆరు.”

అయిపోయినవాటి జాబితా తెరిచింది. ఉంది. ఆరు వందల పన్నెండు, ఒకటో ఫోటో.

“మొదటిది,” అంది.

పుల్లారావు ఆమె వైపు తిరిగాడు. “మూత తెరిస్తే వెలుతురు పై చుట్టలను తింటాది,” అన్నాడు నెమ్మదిగా. “మొదట తీసింది లోపలి చుట్టలో ఉంటాది. కానీ మొదట ఎవరింటికి పోయినానో నాకు…”

“తమ్ముడూ, ఉండావా?”

గుమ్మంలో లక్ష్మీదేవమ్మ నిలబడి ఉంది. కొత్త ఇంటికి బిందెలు కొనుక్కోవడానికి మార్కాపురం వచ్చిందట. చేతిలో సంచీ, చంకలో ఇత్తడి బిందె. మెట్లెక్కిన ఆయాసం. “మా వాళ్ళు బస్టాండు కాడ ఉండారు. ఫోటోలు ఎంతవరకు వచ్చినాయో అడిగి పోదామని వచ్చినా. మా పిల్లోడిది దొరికిందా?”

ఎప్పటిలాగే అడిగింది, మంచినీళ్ళు అడిగినంత తేలిగ్గా.

పుల్లారావు లేచి ఆమెకు ఎదురుగా వెళ్ళాడు. తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. మహాలక్ష్మి “నాయనా” అంటూనే ఉంది, ఆయనకు వినపడలేదు. మాట ఇచ్చాడు గదా, ఇప్పుడు ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం.

“కూర్చో అక్కా. నీకు ఒక మాట చెప్పాల. ఇరవై ఎనిమిదేళ్ళుగా చెప్పాల్సింది. ఆ రోలు నా చేతుల్లోనే పాడైపోయింది. నేనే పాడుచేసినా. నీకు అబద్ధం చెప్పినా.”

మహాలక్ష్మి ఆ ఒక్క ఫోటో తెరిచింది. కుడివైపు సగం తెల్లగా మంటలా వెలిగిపోయి ఉంది. ఎడమవైపు సగం శుభ్రంగా ఉంది. మట్టి గోడ, గోడకు ఆనించిన నిచ్చెన. నిచ్చెన పక్కన ఒక యువకుడు. తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, నవ్వాలా వద్దా అని తేల్చుకోలేక నిలబడ్డాడు. ఎవరో ఆమెకు తెలియదు. నాగయ్య ఎట్లా ఉంటాడో ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ ముఖం ఎరిగినవాళ్ళు ఆ గదిలో ఇద్దరే. ఒకరు తెరకు వీపు పెట్టి తల వంచుకుని ఉన్నారు.

రెండోవారు ఆయన మాటలు వింటున్నట్టు లేదు. లక్ష్మీదేవమ్మ ఆయన భుజం మీదుగా తెర వైపు చూస్తున్నది. చంకలోని బిందెను మెల్లగా నేల మీద పెట్టింది. పుల్లారావును పక్కకు తొలగమన్నట్టు చేత్తో నెట్టి, రెండడుగులు ముందుకు వేసి, తెరకు జానెడు దూరంలో ఆగి, పెదవి కదిపింది.